నిదానయ్య ప్రాజెక్టు డైరీ: వివేకానికీ మితానికీ ఒక దేవుణ్ణి కట్టే పని

పని హద్దులు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా టేబుల్ మీద నడుస్తున్న ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటకి కొత్త దేవుడు తయారవుతున్నాడు. పేరు నిదానయ్య. వివేకం, మితం, శాంతి ఆయన అధీనంలో ఉంటాయి. నియమాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్‌వి, ప్రపంచం మాత్రం సొంతం. 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైన సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1 (ఆ ఆట మూల నియమాల పత్రం) మీదే అంతా కడుతున్నాం. కాబట్టి ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. ఆ డాక్యుమెంట్‌లో క్లెరిక్‌కి, అంటే దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్రకి, ఇచ్చిన డొమైన్ (దేవుణ్ణి బట్టి వచ్చే వరాల కట్ట) ఒక్కటే, లైఫ్. మిగతాది మనం రాసుకోవాల్సిందే.

శాంతి దేవుళ్లు ఈ ఆటకి కొత్త కాదు. గ్రేహాక్ అనే ఆట ప్రపంచంలో రావ్ అనే దేవుడున్నాడు. శాంతి, వివేచన, ప్రశాంతత ఆయన పరిధి, తెల్లని గుండె ఆయన గుర్తు. చిక్కంతా టేబుల్ మీదే వస్తుంది. శాంతి దేవుడి క్లెరిక్‌ని తీసుకున్న ఆటగాడు యుద్ధం మొదలవగానే చేతులు కట్టుకుని కూర్చుంటాడు, లేదంటే పక్కవాళ్ల కత్తులు లాక్కోవడం మొదలుపెడతాడు. 2020లో వచ్చిన పీస్ డొమైన్ ఇంకో దారి పట్టింది: పార్టీలో (ఆటగాళ్ల జట్టులో) బంధం కట్టుకున్న వాళ్లలో ఎవరైనా ఇంకొకరికి 30 అడుగుల లోపు ఉంటే, టర్న్‌కి (వంతుకి) ఒకసారి దాడికో, చెక్‌కో (ఒక పని కుదురుతుందా అన్న పరీక్ష), సేవ్‌కో (ముప్పు తప్పించుకునే పరీక్ష) నాలుగు ముఖాల పాచిక కలుపుకుంటారు. పేరు శాంతి, జరిగేది మరింత గురిగా కొట్టడం. మాకు కావలసింది వేరు. శాంతి ఆటగాడు చేసే పని కావాలి, చేయకూడని పనుల జాబితా కాకూడదు. మితం పూజారి ప్రవచనంలో కాదు, పాచికలోనే కనిపించాలి.

గుర్తు

మొదట పరిశీలించింది అంచుకి సమంగా గీసిన కుంచం. మితానికి ఇంతకంటే సూటి బొమ్మ లేదు, కానీ ఈ జిల్లాలో అది పనికిరాదు. మార్గశిర గురువారాల్లో మాణబస పూజకి ఇంటింటా ధాన్యం కొలిచే మాణాన్ని లక్ష్మిగా నిలబెడతారు. టేబుల్ చుట్టూ కూర్చున్న వాళ్లలో సగం మంది ఇళ్లల్లో ఆ పూజ ఉంది. కుంచం బొమ్మ చూడగానే సిరి దేవత అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. త్రాసు అయితే కోర్టు, కిరాణా కొట్టు రెండూ గుర్తొస్తాయి.

చివరికి ఏతాం నిలిచింది. పొడవాటి దూలం, నడుమ ఆనిక, ఒక కొసన రాయి, రెండో కొసన బాన. రాయి బరువెక్కువైతే బాన నూతిలోకి దిగదు, తక్కువైతే నిండిన బాన పైకి రాదు. దేవుడి తత్వమంతా ఆ రాయి బరువులో ఉంది. ఇంకో లాభం, గీతలు నాలుగే. అంగుళం వెడల్పు గుండ్రంలో కూడా స్పష్టంగా పడుతుంది. టేబుల్ మీద తెలుగు చదివేవాళ్లూ ఒడియా చదివేవాళ్లూ కలిసి ఉన్నప్పుడు అక్షరం లేని గుర్తే మేలు.

దీనికి తోడు రెండు గట్టి నిషేధాలు పెట్టుకున్నాం. గజపతి, రాయగడ జిల్లాల్లో లాంజియా సవరల ఇళ్ల గోడల మీద కనిపించే ఇదితల్ బొమ్మలు అలంకారం కోసం వేసినవి కావు. దేవతల కోసం, పూర్వికుల కోసం వేస్తారు. వాటిని ఆట దేవుడి గుడి గోడకి ఎత్తుకురాకూడదు. సొరంగ్ సొంపెంగ్ లిపి సంగతీ అంతే. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకి రూపొందించిన ఆ అక్షరాలకే పూజ జరుగుతుంది. ‘ఎవరికీ తెలియని ప్రాచీన లిపి’ అని శిలాశాసనం బొమ్మలో వాడేస్తే, ఆ లిపి తెలిసిన మనిషి మన పక్క వీధిలోనే ఉంటాడు. శాసనాలకి గీతలు, చుక్కలతో సొంత గుర్తులు కట్టుకోండి. 15 గుర్తులుంటే ఏ పొడుపుకథకైనా సరిపోతాయి.

నడిమి పాచిక

దేవుడి వరం మొత్తం ఈ ఒక్క నియమం మీద నిలబడింది. క్లెరిక్‌కి కనిపించే జీవి, 30 అడుగుల లోపు, దాడికో చెక్‌కో సేవ్‌కో ఇరవై ముఖాల పాచిక వేయబోతుంటే, క్లెరిక్ తన రియాక్షన్ (రౌండ్‌కి ఒక్కసారి చేయగల మెరుపు స్పందన) ఖర్చుపెట్టి ‘నిదానం’ అంటాడు. అప్పుడు ఒక పాచిక బదులు మూడు వేస్తారు. పెద్దదీ చిన్నదీ పక్కన పెట్టి నడిమిది లెక్కలోకి తీసుకుంటారు. 4, 11, 19 పడితే 11. రెండు సమానంగా పడితే ఆ సమానమైనదే నడిమిది: 7, 7, 18 పడితే 7. మాట అనేది పాచిక పడక ముందే. పడ్డాక అనే వీలిస్తే అది మళ్లీ వేయించుకునే వరం అయిపోతుంది, లెక్క మొత్తం తప్పుతుంది.

లెక్క ఇదీ. మామూలు పాచికతో గెలిచే అవకాశం ప అనుకుంటే, నడిమి పాచికతో అది 3ప² − 2ప³ అవుతుంది. సగం దగ్గర ఏమీ మారదు, 50 శాతం 50 గానే ఉంటుంది. 65 శాతం 72కి దగ్గరవుతుంది. 75 శాతం 84 దాటుతుంది. 85 శాతం దాదాపు 94. అటువైపు చూస్తే 35 శాతం 28కి, 25 శాతం 16 లోపుకి పడిపోతుంది. సహజమైన 20 (పాచిక ముఖం మీదే 20) పడే అవకాశం 5 శాతం నుంచి 0.7 శాతానికి జారుతుంది, సహజమైన 1 కూడా అంతే. సగటు 10.5 కదలదు. చెదురు మాత్రం తగ్గుతుంది, ప్రామాణిక విచలనం 5.8 నుంచి సుమారు 4.5కి.

అంటే జరగదగినది జరుగుతుంది, గుడ్డి అదృష్టం పోతుంది. ఈ గుణం మాకు బాగా నచ్చింది. దేవుడు ఎవరి పక్షమూ పట్టడు, సిద్ధపడి వచ్చినవాణ్ణి మాత్రం గెలిపిస్తాడు.

వాడుకలో దీన్ని 11 గీత అని పిలుస్తున్నాం. మీవాడికి 10 లేదా అంతకంటే తక్కువ పడితే చాలన్నప్పుడు వరం మేలు చేస్తుంది. 12 లేదా ఎక్కువ కావలసి ఉంటే కీడు చేస్తుంది, కాబట్టి అలాంటి చోట శత్రువు మీద వాడాలి. సరిగ్గా 11 కావాలంటే విలువ మారదు, సహజమైన 20తో వచ్చే క్రిటికల్ (పెద్ద దెబ్బ) మాత్రం దాదాపు మాయమవుతుంది. రోగ్ (దొంగ), పాలడిన్ (పవిత్ర యోధుడు) పాత్రలు ఆడేవాళ్లు దీనికి మూతి ముడుస్తారు. వాళ్ల బతుకంతా ఆ 20 మీదే కనుక ఆ మూతి ముడుపుకి అర్థముంది.

ఇక్కడే ఒక అడ్డంకి. శత్రువు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి కావలసిన అంకె) ఎంతో, చెక్ డీసీ (గెలవడానికి కావలసిన అంకె) ఎంతో డీఎమ్, అంటే ఆట నడిపేవాడు, చెప్పడు. గీతకి ఇటున్నామో అటున్నామో తెలియకపోతే వరం గుడ్డిదెబ్బే. దానికే ‘చూపు’ అనే చిన్న నియమం చేర్చాం: క్లెరిక్ తన యాక్షన్‌ని దాడికి వాడకుండా ఒక జీవినో ఒక పరిస్థితినో గమనిస్తే, డీఎమ్‌ని ‘11కి ఇటా, అటా?’ అని ఒక ప్రశ్న అడగవచ్చు. డీఎమ్ నిజమే చెప్పాలి, అంకె చెప్పనక్కర్లేదు. వివేకం ఆటలోకి వచ్చింది ఈ ప్రశ్నతోనే. ఒక టర్న్ కొట్టకుండా ఉన్నందుకు ఆటగాడికి చేతిలో విలువైనది ఏదో పడుతుంది, ఊరికే కూర్చున్నట్టు ఉండదు.

అడ్వాంటేజ్ అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం, డిసడ్వాంటేజ్ అంటే చిన్నది తీసుకోవడం. వీటితో ఎలా కలపాలి? కలపకూడదు. నడిమి పాచిక వచ్చిందంటే ఆ రెండూ ఆ ఒక్క రోల్‌కి రద్దు. ఎప్పుడు చూసినా నడిమి పాచిక అడ్వాంటేజ్ కంటే తక్కువ, డిసడ్వాంటేజ్ కంటే ఎక్కువ. కాబట్టి అసలు బలం అక్కడే బయటపడుతుంది. 35 శాతం అవకాశమున్న శత్రువుకి అడ్వాంటేజ్ ఉంటే దాదాపు 58 శాతం, నిదానం అనగానే 28. మనవాడికి 65 శాతం ఉండాల్సింది డిసడ్వాంటేజ్‌తో 42కి పడితే, వరం 72కి లేపుతుంది. ఇంత బలమైనది కాబట్టే లాంగ్ రెస్ట్‌కి (రాత్రి విశ్రాంతికి) విజ్‌డమ్ మోడిఫయర్ (పాత్ర వివేకాన్ని బట్టి వచ్చే అదనపు అంకె) అన్నిసార్లే, కనీసం ఒకసారి. ప్రొఫిషియెన్సీ బోనస్ (పాత్ర మొత్తం లెవెల్‌తో పెరిగే అంకె) అన్నిసార్లు ఇస్తే మల్టీక్లాస్ చేసేవాళ్లు (రెండు రకాల పాత్రలు కలిపేవాళ్లు) ఒక్క లెవెల్ తీసుకుని దేవుణ్ణి వదిలేస్తారు.

హాఫ్లింగ్ (పొట్టి జాతి) పాత్రకి 1 పడితే మళ్లీ వేయనిచ్చే ‘లక్కీ’ గుణం నడిమి పాచిక 1 అయినప్పుడే పనిచేస్తుంది, పక్కన పెట్టిన పాచికలకి వర్తించదు.

పాచికల గురించి చిన్న మాట. ఏడు పాచికల సెట్‌లో ఇరవై ముఖాలది ఒకటే వస్తుంది, మూడు కావాలంటే విడిగా తెప్పించుకోవాలి. తెప్పించుకునే దాకా 1 నుంచి 20 దాకా చీటీలు రాసి చెంబులో వేసి తీయవచ్చు. తీసిన చీటీని మళ్లీ చెంబులో వేసి కలిపాకే రెండోది తీయాలి. మూడూ ఒకేసారి తీస్తే అంకెలు ఒకదానికొకటి వేరుగానే ఉంటాయి, నడిమిది 1 గానీ 20 గానీ అయ్యే వీలే ఉండదు. క్రిటికల్ అరుదవడం వేరు, అసాధ్యమవడం వేరు.

నియమాలు

‘చంపకూడదు’ అని రాస్తే పార్టీ విడిపోతుంది. ఆ నియమం క్లెరిక్ మీద ఉన్నా మోసేది పక్కవాళ్లే. అందుకని నిదానయ్య భక్తుడికి మూడు విధులు పెట్టాం, మూడూ చేయవలసినవే. భాష తెలిసిన శత్రువుని కొట్టే ముందు ఒక మాట అడగాలి. ఓడినవాడికి నీళ్లివ్వాలి. తన వంతుకి మించి వచ్చినదాన్ని, అది బంగారమైనా పొగడ్త అయినా, సూర్యాస్తమయంలోపు పంచాలి. ఈ మూడో విధి మీద ఆటగాళ్లు ఎంత సేపైనా వాదించుకుంటారు. అలా వాదించుకోవడం మంచిదే.

చంపని దెబ్బకి ఆట నియమాల్లోనే ఒక లొసుగు ఉంది. దగ్గరి దాడితో శత్రువుని 0 హిట్ పాయింట్లకి (ప్రాణబలం అంకె) తెస్తే, చంపకుండా స్పృహ తప్పించవచ్చు. బాణానికి ఆ వీలు లేదు. క్లెరిక్‌లు ఎక్కువగా వాడే సేక్రెడ్ ఫ్లేమ్‌కీ లేదు, ఎందుకంటే అది దాడి రోల్ కాదు, శత్రువు వేసే సేవ్. స్పిరిచువల్ వెపన్ దగ్గరి స్పెల్ దాడి కాబట్టి దానితో కుదురుతుంది. శాంతి దేవుడి భక్తుడి దగ్గరున్న మామూలు మంత్రమే తప్పకుండా చంపేదైతే బాగుండదు కనుక, 1వ లెవెల్‌లోనే ఒక వాక్యం చేర్చాం: ఈ క్లెరిక్ క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేయగల చిన్న మంత్రం) దేనితోనైనా 0కి తెస్తే స్పృహ తప్పించే ఎంపిక ఉంటుంది.

మితం అంటే అన్నిటినీ చెరిసగం చేయడం అనుకునేవాళ్లు మా ప్రపంచంలోనూ ఉన్నారు. వాళ్లని ‘సగపాళ్ల వాళ్లు’ అనే తప్పుడు శాఖగా పెట్టాం. పసిబిడ్డ కోసం ఇద్దరు కొట్లాడితే బిడ్డని వారం ఒకరికి, వారం ఒకరికి పంచే రకం. దొంగకీ సొత్తుదారుకీ చెరో సగం ఇస్తారు. వీళ్లు దుర్మార్గులు కారు, మర్యాదస్తులు. అందుకే మంచి ప్రతినాయకులవుతారు. గద పట్టుకుని వచ్చే రాక్షసుడి కంటే వీళ్లతోనే నిదానయ్య ఎవరో ఆటగాళ్లకి తెలుస్తుంది.

లెవెల్ వారీ వరాలు

1వ లెవెల్‌లో నడిమి పాచిక, చూపు, చంపని దెబ్బ. డొమైన్ స్పెల్స్ పది, క్లెరిక్ లెవెల్ 1, 3, 5, 7, 9 దగ్గర రెండేసి: సాంక్చువరీ, కమాండ్; కామ్ ఎమోషన్స్, జోన్ ఆఫ్ ట్రూత్; డిస్పెల్ మ్యాజిక్, టంగ్స్; బానిష్‌మెంట్, రెసిలియెంట్ స్ఫియర్; లెజెండ్ లోర్, వాల్ ఆఫ్ ఫోర్స్. మనసుని వశం చేసుకునే చార్మ్ పర్సన్‌ని కావాలనే వదిలేశాం. మనసుని అరువు తెచ్చి చేసిన రాజీ రాజీ కాదు.

శత్రుత్వాన్ని చల్లార్చే కామ్ ఎమోషన్స్ మీద ఆశ ఎక్కువ పెట్టుకునేవాళ్లకి: అది 20 అడుగుల వ్యాసార్ధంలో మనుషుల్లాంటి జీవుల మీదే పనిచేస్తుంది. తోడేళ్ల గుంపు మీద వేస్తే స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) దండగ. సేవ్ చరిష్మాతో వేస్తారు, గరిష్ఠంగా ఒక నిమిషం, ఏకాగ్రత అవసరం. శత్రుత్వం మరిచిన గుంపులో ఒకడి మీద బాణం పడితే, వాడికే కాదు, పక్కవాడికి తన స్నేహితుడు గాయపడటం కనిపించినా మత్తు వదులుతుంది. ఈ మంత్రం విఫలమయ్యేది ఎక్కువగా శత్రువు సేవ్ వల్ల కాదు, మన ఆర్చర్ తొందర వల్ల.

2వ లెవెల్ చానెల్ డివినిటీ (దేవుడి శక్తిని నేరుగా వాడే వరం) పేరు ఏతాం. లైఫ్ డొమైన్‌లోని ప్రిజర్వ్ లైఫ్ క్లెరిక్ లెవెల్‌కి ఐదు రెట్లు హిట్ పాయింట్లు కొత్తగా పుట్టిస్తుంది. ఏతాం పుట్టించదు, తోడుతుంది. 30 అడుగుల లోపు ఒప్పుకున్న ఇద్దరిలో ఎక్కువున్నవాడి నుంచి తక్కువున్నవాడికి, లెవెల్‌కి ఐదు రెట్ల వరకు. ఇచ్చేవాడు తన గరిష్ఠంలో సగానికి దిగువకి పోకూడదు. చేరేటప్పుడు విజ్‌డమ్ మోడిఫయర్ అంత అదనంగా కలుస్తుంది.

ఇందులో రెండు కన్నాలున్నాయి. బార్బేరియన్ (ఆటవిక యోధుడు) రేజ్‌లో (యుద్ధావేశంలో) ఉండగా దెబ్బలు సగమే తగులుతాయి, అంటే అతని ఒక్కో పాయింటు రెండు పాయింట్ల పని చేస్తుంది. పార్టీ అతన్ని చౌక బ్యాంకుగా వాడుకుంటుంది. డ్రూయిడ్ (జంతువుగా మారగల పాత్ర) జంతురూపంలోని హిట్ పాయింట్లు రూపం మార్చినప్పుడల్లా నిండుతాయి, అదింకా పెద్ద కన్నం. మూత: రేజ్‌లో ఉన్నవాడు ఇవ్వలేడు, జంతురూపపు పాయింట్లూ తాత్కాలిక పాయింట్లూ చెల్లవు. కోపంలో ఉన్నవాడి కానుక నిదానయ్య తీసుకోడు అని చెబితే కథకీ అతుకుతుంది, ఎవరూ వాదించరు.

6వ లెవెల్ వరం ‘తొలి మాట’. ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) వేయగానే, పార్టీ మీద మెరుపుదాడి జరగకపోతే, క్లెరిక్ అందరికంటే ముందు మాట్లాడతాడు. తన భాష తెలిసి వింటున్న శత్రువులు విజ్‌డమ్ సేవ్ వేస్తారు. తప్పితే మొదటి రౌండ్ పూర్తయ్యే దాకా, తమ మీద చేయి పడితే తప్ప, దాడి చేయరు. ఉత్త అక్షరం ప్రకారం ఆడితే పార్టీకి ఇది ఉచిత రౌండ్ అయిపోతుంది, శత్రువు చేతులు కట్టేసి కొట్టినట్టే. కొట్టినవాడికి శిక్ష వేసే నియమం పెడితే మళ్లీ క్లెరిక్ పోలీసు అవుతాడు. మేము ఉంచుకున్నది ఇదీ: వరం పనిచేయాలంటే పార్టీలో ప్రతి ఆటగాడూ తన ఇరవై ముఖాల పాచికని టేబుల్ మధ్యలో పెట్టాలి. రౌండ్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోరు. ఒక్కరు పెట్టకపోయినా వరం లేవదు, ఖర్చూ కాదు. ఒప్పుకోలు చేత్తో చూపించేది కావడంతో గొడవకి చోటుండదు.

8వ లెవెల్‌లో క్యాంట్రిప్ దెబ్బకి విజ్‌డమ్ కలిపే మామూలు పోటెంట్ స్పెల్‌కాస్టింగే.

పేకలు

వరాల్ని కాగితం మీద కాకుండా గుండ్రటి పేకల మీద ఉంచుతున్నాం. కారణం అందం ఒక్కటే కాదు. ఒడిశా గంజప పేకల్లో ఒక్కో రంగుకి పన్నెండు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. ఎనిమిది రంగుల కట్టలో 96, పదింటిలో 120, పన్నెండింటిలో 144. మన డొమైన్ స్పెల్స్ సరిగ్గా పది. వాటికి ఒకటి నుంచి పది, ఏతాంకి మంత్రి, నడిమి పాచికకి రాజు. ఒక రంగు అచ్చంగా నిండింది. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌తో పాటు పర్లాకిమిడి కూడా ఈ పేకలకి పేరున్న ఊరే, కాబట్టి నమూనా కోసం దూరం పోనక్కర్లేదు.

పేకలు బట్ట పొరల్ని అంటించి చేస్తాం. అంటు చింతపిక్కలది. పిక్కల్ని ఇసకలో వేయించి పై పెంకు ఊడగొట్టి, లోపలి పప్పుని పొడి చేయాలి. 100 గ్రాముల పొడిని ముందు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, మొత్తం లీటరు నీళ్లు అయ్యేలా పోసి, సన్నని మంట మీద అరగంట తిప్పుతూ ఉడికిస్తే అంబలిలా చిక్కబడుతుంది. నేరుగా వేడినీళ్లలో పోస్తే ఉండలు కడతాయి, అవి ఎంత ఉడికించినా విడవవు, బట్ట మధ్యన బొడిపెలై తేలతాయి. వానాకాలంలో ఈ అంటు రెండో రోజుకే పులుస్తుంది. బూజు ఆపడానికి మైలుతుత్తం కలపమనేవాళ్లు ఉంటారు. ఈ పేకలు మిక్చరు తింటూ పట్టుకునేవి, విషం కలపొద్దు. ఒక పూటకి సరిపడా మాత్రమే కాచుకోండి.

గంజి పూర్తిగా పోయేదాకా ఉతికిన పాత నూలు పంచె మూడు పొరలు. 30 × 40 సెంటీమీటర్ల ముక్కకి ఇరవై పేకలు వస్తాయి, పన్నెండు పోగా మిగిలినవి పాడైనవాటి బదులు. పొరల మధ్య అంటు పూసి, గాలి బుడగలు లేకుండా అరచేత్తో నడిమి నుంచి అంచుకి నొక్కాలి. సగం ఆరాక చదునైన పలక కింద బరువు పెట్టాలి. పూర్తిగా ఎండలో ఆరనిస్తే అప్పడంలో వచ్చే ముడతలే ఇక్కడా వస్తాయి. తర్వాత రెండు పాళ్లు మెత్తటి సుద్దపొడికి ఒక పాలు అంటు కలిపి రెండు వైపులా పూత. ఒక వైపే పూస్తే ఆ వైపుకి వంగిపోతుంది, ఇది తప్పదు. ఆరాక ఇంకో పూత. నునుపైన గులకరాయితో గట్టిగా రుద్దితే మెరుపు వస్తుంది. వంశధార ఇసకలో అలాంటి రాళ్లకి కొదవ లేదు.

కోతకి కంపాస్ అక్కర్లేదు. రెండు-ఆరు సైజు గాజు లోపలి వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు. లోపలి అంచు వెంట పెన్సిల్ తిప్పి, రుద్దడం పూర్తయ్యాకే కత్తిరించాలి. ముందే కోస్తే రుద్దేటప్పుడు అంచు పొరలు విడిపోతాయి. కోసిన అంచుకి పలచటి అంటు ఒక చుట్టు.

రంగుల విషయంలో సంప్రదాయాన్ని ఇక్కడ పాటించలేదు. పటచిత్రాల్లో ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం వాడేవారు. మొదటిది పాదరసం, రెండోది ఆర్సెనిక్. చేతుల్లో తిరిగే పేకకి ఎర్రమట్టి రంగు, దీపపు మసి నలుపు చాలు, మిగిలినవి అక్రిలిక్. పోస్టర్ కలర్ వేసి పైన నీటి ఆధారిత వార్నిష్ బ్రష్‌తో పూస్తే రంగు కరిగి అలుక్కుపోతుంది, పోస్టర్ కలర్ ఆరాక కూడా నీటిలో కరుగుతుంది కనుక. అక్రిలిక్ మీద రెండు పలచటి పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనివ్వాలి. పెట్టెలో నాలుగు ఎండు వేపాకులు. చింతపిక్కల పిండి పురుగుకి ఇష్టమైన తిండి.

పేక వాడుక: స్పెల్ వేశాక పేక బోర్లించాలి, లాంగ్ రెస్ట్ తర్వాత తిప్పాలి అనుకుంటారు. డొమైన్ స్పెల్స్ ఎప్పుడూ సిద్ధంగా ఉండేవే, ఖర్చయ్యేది స్లాట్. స్లాట్లకి గవ్వలు పెట్టండి. బోర్లించేది మంత్రి పేకని మాత్రమే.

రెండు కిరీటాల ఊరు

దేవుణ్ణి పరీక్షించే సాహసం ఇది. సరిహద్దు కొండ మీద ఒక ఊరు, రెండు రాజ్యాలూ తమదే అంటాయి. రెండూ పన్ను అడుగుతాయి, రెండూ బియ్యం పంచుతాయి. కొఠియా గ్రూపు 21 గ్రామాల గురించి తెలిసిన వాళ్లకి ఇది కొత్త ఊహ కాదు. ఒడిశాలో కొరాపుట్ జిల్లా, ఆంధ్రలో పార్వతీపురం మన్యం జిల్లా, రెంటికీ మధ్యన ఆ వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. ఆటలో మాత్రం నిజమైన ఊరి పేరుగానీ, ఏ పక్షాన్నీ గుర్తుపట్టే వేషంగానీ వాడొద్దు. టేబుల్ మీద రెండు వైపులవాళ్లూ కూర్చుంటారు.

రెండు పక్షాలకీ ‘పంతం’ అనే కొలత, 5 దగ్గర మొదలు. పార్టీ చేసే వాదన, సాక్ష్యం, మర్యాద ఏదైనా డీసీ 13 చెక్. గెలిస్తే ఆ పక్షం పంతం 1 తగ్గుతుంది. 5 లేదా ఎక్కువ తేడాతో ఓడితే 1 పెరుగుతుంది. రెండు పక్షాలూ 2కి లేదా దిగువకి వచ్చి, వాటి మధ్య తేడా 1కి మించకపోతే ఒప్పందం. ఒకరు 0, ఇంకొకరు 4 దగ్గర ఉంటే అది లొంగుబాటు. దాన్ని నిదానయ్య గుడి నమోదు చేయదు, వచ్చే కోతలకి గొడవ తిరిగి లేస్తుంది. ఈ తేడా షరతు లేకపోతే ఆటగాళ్లు మెత్తగా కనిపించిన పక్షాన్నే నొక్కుతూ పోతారు.

6 దగ్గర మొదలుపెడితే కనీసం 8 విజయాలు కావాలి. మధ్యలో పంతం ఒక్కసారీ పెరగకపోయినా, 55 శాతం అవకాశంతో అది 14, 15 రోల్స్ పని, సాయంత్రమంతా దానికే సరిపోతుంది. 5 దగ్గరైతే 6 విజయాలు. అవకాశం 75 శాతానికి లేస్తే, మధ్యలో పంతం పెరగకపోతే, 8 రోల్స్‌లో తేలుతుంది.

ఆ 55ని 75 చేసేది ఏమిటన్నదే సాహసం మొత్తం. +3 ఉన్న పాత్రకి డీసీ 13 అంటే 10 పడాలి, 55 శాతం. అక్కడ నడిమి పాచిక వాడితే 57 అవుతుంది, దండగ. ఊళ్లో తిరిగి నిజమైన సంగతి ఒకటి తెలుసుకున్నందుకు +2, రెండు తెలిస్తే +4. ఇప్పుడు 6 పడితే చాలు, 75 శాతం. దాని మీద నిదానం అంటే 84. తెలుసుకునే సంగతులు ఎనిమిది రాసి పెట్టుకోండి, పక్షానికి నాలుగు: పాత హద్దురాయి ఎవరు జరిపారు, రెండు పన్నులూ కట్టి అప్పులపాలైన ఇల్లేది, బావి తవ్వించింది ఎవరు లాంటివి. పుకార్లు రెండు కలపాలి. పుకారుతో వాదిస్తే −2.

మాయతో దారి తప్పించేవాళ్లకి నియమాల్లోనే జవాబుంది. ఫ్రెండ్స్ క్యాంట్రిప్ ముగియగానే అవతలివాడికి సంగతి తెలిసిపోతుంది, శత్రువవుతాడు. చార్మ్ పర్సన్ తర్వాత కూడా తన మీద మాయ జరిగిందని అవతలివాడికి తెలుస్తుంది. ఆ బలంతో తగ్గించిన పంతం రెట్టింపై తిరిగి వస్తుంది. జోన్ ఆఫ్ ట్రూత్ అనుమతి ఉంది, కానీ రెండు పక్షాలూ, పార్టీతో సహా, ఆ 15 అడుగుల వ్యాసార్ధంలోనే నిలబడాలని గుడి షరతు. సేవ్ తప్పినవాడు కావాలని అబద్ధం చెప్పలేడు. ఊరుకోవచ్చు, తప్పించుకుంటూ మాట్లాడవచ్చు. ఎవరు ఏ ప్రశ్నకి ఊరుకున్నారో రాసుకునే పని ఒక ఆటగాడికి అప్పగించండి.

మిగిలి ఉన్నవి

17వ లెవెల్ వరం కాగితం మీదే ఉంది: రోజుకి ఒకసారి, ఒక నిమిషం పాటు, 30 అడుగుల లోపు వేసే ప్రతి ఇరవై ముఖాల పాచికా నడిమి పాచికే, మిత్రులకీ శత్రువులకీ. ఒక్కో రోల్‌కి మూడు పాచికలు లెక్కపెట్టడం వల్ల ఆరుగురు శత్రువులుంటే రౌండ్ చాలా నెమ్మదిస్తుంది. శత్రువుల గుంపుకి కలిపి ఒకే నడిమి పాచిక వేసే పద్ధతి తర్వాతి ఆటలో చూడాలి. మెడలో వేసుకునే ఏతాం బిళ్ల పర్లాకిమిడి కొమ్ముపని మిగులు ముక్కతో చేస్తున్నాం, 30 మిల్లీమీటర్ల గుండ్రం, 3 మిల్లీమీటర్ల మందం. కన్నం వేసేటప్పుడు డ్రిల్ నెమ్మదిగా తిప్పి, మధ్యమధ్య నీళ్లలో ముంచాలి. వేడెక్కితే కొమ్ము పొరలుగా విడుతుంది, వాసన గది వదలదు. రుద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ తప్పనిసరి.